ఓల్డ్ కోర్స్ బ్యాలెట్‌కి రోజులు ఎట్టా సర్దుకోవాలి?

నెల్లూరు నుంచి నలుగురం జూన్‌లో గోల్ఫ్ ఆడ్డానికి స్కాట్లాండ్ వెళ్తున్నాం, ఫ్లైట్ చెన్నై నుంచి. సెయింట్ ఆండ్రూస్ ఊళ్లోని ఓల్డ్ కోర్స్ మైదానంలో ఆడాలంటే బ్యాలెట్‌కి, అంటే ఆట టైం కోసం తీసే లాటరీకి, రెండు రోజుల ముందే పేర్లివ్వాలి. ఆదివారం ఆట ఉండదు, సోమవారం ఆటకి శనివారమే వేయాలి. పేరు తగలకపోతే మళ్లీ వేసుకోడానికని అక్కడే ఐదు రాత్రులు పెట్టాం. కార్నూస్టీ అనే ఇంకో గోల్ఫ్ మైదానం మాత్రం ముందే బుక్ చెయ్యాలి. ఏ రోజు పెడితే బ్యాలెట్‌కి అడ్డం రాదు?

ఇంకోటి, వెడ్జ్ సంగతి, అదే దగ్గర దెబ్బలకీ ఇసుకలోంచి కొట్టడానికీ వాడే గోల్ఫ్ కర్ర. మైపాడు ఒడ్డు గాలి తెలిసినవాళ్లమే గానీ, స్కాట్లాండ్‌లో ఆ ఇసుక నేల గట్టిగా ఉంటుంది. బౌన్స్ (కర్ర అడుగు భాగం వాలు) ఎక్కువున్న వెడ్జ్ నేలకి తగిలి ఎగిరి, అంచు బంతి నడుముకి కొడుతుంది. 56 డిగ్రీల వెడ్జ్‌కి 8 డిగ్రీల బౌన్స్ సరిపోతుందా, అక్కడి లోతు బంకర్ల (ఇసుక గుంటల) కోసం 12 బౌన్స్‌ది కూడా మోసుకెళ్లాలా? ఆడొచ్చినవాళ్లు చెప్పండన్నా.