ఎలక్ట్రిక్ కారులో రాత్రి బస: మన తీరంలో దీన్ని ప్రోత్సహించవచ్చా?

నాగావళి (శ్రీకాకుళం):

సభ్యులందరికీ నమస్కారం. రథసప్తమికి అరసవల్లి వచ్చేవారిలో ఎలక్ట్రిక్ కార్లు ఉన్నవారు ఏటేటా పెరుగుతున్నారు. అర్ధరాత్రి క్షీరాభిషేకం మొదలవుతుంది కనుక జనం ముందురోజు సాయంత్రానికే ఊరు చేరుకుంటారు. ఆ ఒక్క రాత్రికి లాడ్జి గది దొరకడం ఎంత కష్టమో ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. పిల్లలతో, ముసలివాళ్లతో వచ్చినవారు సొంత కారులోనే సీట్లు వాల్చుకొని, ఏసీ వేసుకొని తెల్లవారే దాకా పడుకుంటే తప్పేమిటన్నది నా ప్రశ్న.

పెట్రోలు, డీజిలు కారులో ఇంజను నడుస్తుండగా నిద్రపోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి, నిద్రలో ఉన్న మనిషికి తనకేదో అవుతోందన్న స్పృహ కూడా కలగదు. ఎలక్ట్రిక్ కారుకు పొగగొట్టమే లేదు. ఇక ఖర్చు సంగతి. 40 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారులో 26 డిగ్రీలు పెట్టుకొని పడుకుంటే, లోపల ఒకసారి చల్లబడ్డాక ఏసీకి, ఫ్యానుకు, కారులోని కంప్యూటర్లకు అన్నిటికీ కలిపి గంటకు ఒక యూనిట్‌కు అటూ ఇటూగా ఖర్చవుతుంది. ఎనిమిది గంటలకు ఎనిమిది యూనిట్లు, అంటే బ్యాటరీలో అయిదో వంతు. రోడ్డు మీద అది సుమారు 50 కిలోమీటర్ల ప్రయాణం, శ్రీకాకుళం నుంచి టెక్కలి వెళ్లేటంత. మాఘమాసపు చలిలో అంత కూడా కాదు.

గుడి ఊళ్లతోనే దీన్ని ఆపనక్కర్లేదని నా అభిప్రాయం. కళింగపట్నం, బారువ తీరాల్లోనూ, విజయనగరం జిల్లాలో తాటిపూడి జలాశయం దగ్గరా ఇలాంటి బసకు చోటు చూపిస్తే, హోటళ్లు కట్టే పని లేకుండానే పర్యాటకులు వస్తారు. సభ్యుల అభిప్రాయం తెలుసుకోవాలని ఉంది.

ఉద్దానం (సోంపేట ప్రాంతం):

నాగావళి గారూ, మీ లెక్కతో నాకు పేచీ లేదు. మీరు చూపించిన చోట్లతోనే పేచీ.

బారువ ఇసుక రాత్రిపూట ఖాళీగా ఉంటుందని బయటివారు అనుకుంటారు. తెల్లవారుజామున అలివి వల లాగేటప్పుడు వచ్చి చూడండి. రెండు జట్ల మనుషులు రెండు తాళ్లు పట్టుకొని, నడుం వంచి, నీటి అంచు నుంచి ఒడ్డు పైదాకా వెనక్కి వెనక్కి నడుస్తారు. తాడు తడిసి బిగిసి ఉంటుంది, చీకట్లో సరిగా కనపడదు. ఆ దారికి అడ్డంగా కారు నిలిపి, అద్దాలకు తెరలు కట్టుకొని పడుకున్నవారిని ఎవరు లేపాలి? లేపితే భయపడి పోలీసులకు ఫోను చేసేది వాళ్లే. తరతరాలుగా అక్కడ పని చేసుకుంటున్నవారు చివరికి తమ ఒడ్డు మీద తామే సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.

రెండో సంగతి తాబేళ్లది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు చలికాలం చివరి నుంచి వేసవి మొదలయ్యే దాకా మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటికి మొదటి షెడ్యూలులో, అంటే అత్యధిక రక్షణ పొందే జంతువుల జాబితాలో, చోటిచ్చింది. ఒడ్డున దీపం వెలుగు కనిపిస్తే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరిగిపోవచ్చు. గుడ్లలోంచి వచ్చిన పిల్లలైతే ఎటు వెలుతురు ఎక్కువగా ఉంటే అటే పాకుతాయి. చీకటి రాత్రి ఆ వెలుతురు సముద్రం వైపు ఉండాలి, కారు దీపాల వైపు కాదు. చక్రాల బరువుకు ఇసుక కింద గుడ్లు ఏమవుతాయో వేరే చెప్పాలా?

తీరం వదిలి తోటల్లో ఆపుకుంటామంటే అదీ కుదరదు. మందస, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల జీడితోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి. 2022 జూన్‌లో కిడిసింగి దగ్గర ఒక రైతు ఎలుగుబంటి దాడిలోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. తినుబండారాలు కారులో పెట్టుకొని, అద్దం బెత్తెడు దించుకొని తోటలో పడుకోవడాన్ని పర్యాటకం అనడం నాకు సమ్మతం కాదు.

గంటస్తంభం (విజయనగరం):

నేను విద్యుత్ పనులు చేసేవాణ్ని. కాబట్టి నాకు తెలిసినంతవరకే చెబుతాను.

పొగగొట్టం లేదు కనుక ఊపిరికి ఢోకా లేదనుకోవడం సగం నిజమే. కారు లోపల పట్టే గాలి సుమారు మూడు ఘనపు మీటర్లు. నిద్రపోతున్న పెద్దమనిషి గంటకు పది పదిహేను లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. బయటి గాలి రాకుండా, లోపలి గాలే తిరిగేలా మీట నొక్కి ఇద్దరు పడుకుంటే గంట గడిచేసరికే ఆ వాయువు బయటికంటే ఎన్నో రెట్లు పెరుగుతుంది. తెల్లవారి లేచాక తల దిమ్ముగా ఉంటే ఏసీ పడలేదనుకుంటారు గాని, కారణం చాలాసార్లు ఇదే. బయటి గాలి వచ్చే మీట మీద ఉంచి, ఒక అద్దం కాస్త దించి పడుకోవాలి. దానివల్ల ఏసీ కొంచెం ఎక్కువ విద్యుత్తు తీసుకుంటుంది. తీసుకోనివ్వండి.

అంతకన్నా నాకు భయం కలిగించేది చార్జింగ్ పెట్టుకొని పడుకోవడం. సత్రం వరండాలోని సాకెట్ నుంచి సన్నటి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి, దానికి కారు తగిలించి లోపల నిద్రపోయేవారున్నారు. ఇంటి చార్జరు మూడు కిలోవాట్ల దాకా తీసుకుంటుంది, అదీ గంటల తరబడి ఆగకుండా. పాత సాకెట్‌లో పిన్ను వదులుగా ఉంటే అక్కడ వేడి పుడుతుంది, ప్లాస్టిక్ మెత్తబడుతుంది, గోడ మీద గోధుమరంగు మచ్చ పడుతుంది. ఆ మచ్చ కనిపించిన సాకెట్‌ను ముట్టుకోవద్దు. 15 ఆంపియర్ల సాకెట్, దానికి తగిన వైరు, సరైన ఎర్తింగ్ ఉన్నచోట మాత్రమే పెట్టండి.

ఉద్దానం గారు చెప్పిన ఇసుక విషయంలో ఇంకొకటి. ఈ కార్లలో బ్యాటరీ నేలకు దగ్గరగా, కారు అడుగునే ఉంటుంది. పోటు వచ్చి ఉప్పునీరు అందులోకి చేరితే వెంటనే ఏమీ కాకపోయినా కొన్ని రోజుల తరువాత మంట లేవవచ్చు. 2022లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఇయన్ తుఫాను తరువాత ఇలాగే కొన్ని కార్లు తగలబడ్డాయి.

సువర్ణముఖి (విజయనగరం జిల్లా):

ఇంతవరకు రాసినవారెవరూ మరుగుదొడ్డి ప్రస్తావన తేలేదు. ఆడవాళ్లకు కారులో పడుకోవడమా, లాడ్జికి వెళ్లడమా అన్నది తేల్చేది బ్యాటరీ కాదు, అదే. రాత్రి రెండింటికి ఆరేళ్ల పిల్ల లేచి అడిగితే చీకట్లో ఎక్కడికి తీసుకువెళ్లాలి? అందుకని మా కుటుంబం ఎప్పుడు ఇలా ఆగినా జాతీయ రహదారి మీద రాత్రంతా తెరిచి ఉండే బంకులోనే, దీపాల కింద, మనుషులు తిరిగే చోటే ఆగుతాం. బంకువారిని అడిగి, టీ తాగి, కారును గోడ వారగా పెట్టుకుంటాం.

ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. వేసవిలో తీరం దగ్గర రాత్రిపూట కూడా గాలి నిండా తేమే ఉంటుంది. లోపల బాగా చల్లగా పెట్టుకుంటే అద్దాలు చల్లబడి బయటివైపు నీరు పడుతుంది. తెల్లవారుజాముకు పక్క అద్దాలన్నీ పాలు పూసినట్టు తెల్లబడిపోయి, బయట నిలబడినది మనిషో పశువో తెలియదు. వైపరు ముందు అద్దాన్ని తుడుస్తుంది గాని పక్క అద్దాలను తుడవదు కదా. తలుపు తీస్తే గాని బయట ఎవరున్నారో తెలియని చోట నేను పిల్లలతో పడుకోలేను. 26, 27 డిగ్రీల దగ్గర ఉంచితే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

అయినా నేను నాగావళి గారి పక్షమే. ఇచ్ఛాపురం నుంచి విశాఖ దాకా రాత్రంతా కారు నడిపి, రెప్పలు మూతపడుతున్నా ఇంకో గంటేలే అనుకొని పోయే మగవాళ్లను చూస్తే నాకు భయం. రెండు గంటలు చల్లగా పడుకొని లేవగల చోటు కారులోనే ఉన్నప్పుడు దాన్ని వాడుకోమనడమే మంచిది.

నాగావళి:

గంటస్తంభం గారు చెప్పిన గాలి సంగతి అందరూ రాసి పెట్టుకోవలసినది. సువర్ణముఖి గారి మాట నా ప్రతిపాదనకు అసలైన బలం. ఇది సరదాకన్నా ముందు ప్రయాణికుడి అవసరం.

నాకు బయట ఎదురైన మరో అభ్యంతరానికి కూడా ఇక్కడే జవాబు చెబుతాను. పరవాడ సింహాద్రిలాంటి థర్మల్ కేంద్రంలో బొగ్గు మండించి తీసిన విద్యుత్తే కదా, ఇందులో పర్యావరణానికి ఒరిగేదేమిటి అంటారు. బొగ్గు విద్యుత్తు యూనిట్‌కు సుమారు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ అనుకున్నా, రాత్రికి ఎనిమిది కిలోలు. పెట్రోలు కారు కదలకుండా ఏసీతో నిలబడితే గంటకు లీటరు దాకా తాగుతుంది, లీటరుకు రెండు కిలోలకు పైగా వదులుతుంది. ఆ లెక్కన రాత్రికి పదిహేను కిలోలు దాటుతుంది, పైగా పక్క కారులోనివారి ముక్కులోకి పొగ. రథసప్తమినాడు వందల కార్లు ఒకే మైదానంలో నిలిచినప్పుడు ఈ తేడా కాగితం మీదిది కాదు.

తీరం విషయంలో ఉద్దానం గారికి నాదొక ప్రశ్న. ఇసుక మీదికి దిగకుండా, రోడ్డు చివర, కళింగపట్నంలో పార్కు ఉన్నచోట, దీపాలన్నీ ఆర్పేసి ఆగితే మీకు అభ్యంతరమా? అరసవల్లి, శ్రీకూర్మం, రామతీర్థం వంటి చోట్ల పార్కింగులో కొంత భాగం రాత్రి బసకు కేటాయించి, మరుగుదొడ్డి, తాగునీరు, కాపలా, నాలుగు మంచి సాకెట్లు పెట్టి, రుసుము తీసుకోవాలని దేవాదాయ శాఖకు అర్జీ ఇద్దామని నా ఉద్దేశం.

ఉద్దానం:

గుడి పార్కింగు అర్జీ మీద నేనూ సంతకం పెడతాను. అక్కడ రాత్రి మనుషులు ఉండడం కొత్త కాదు, ఎవరి పనికీ అడ్డమూ కాదు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా ప్రాంతం మీద పడినప్పుడు ఇళ్ల కప్పులు లేచిపోయి, రోజుల తరబడి కరెంటు లేక, ముసలివాళ్లు తడి గోడల మధ్య కూర్చున్నారు. గాలి తగ్గాక, చెట్లకూ స్తంభాలకూ దూరంగా నిలిపిన ఇలాంటి కారు ఒకటి వీధికి ఉండి ఉంటే కనీసం జ్వరం వచ్చినవారిని అందులో పడుకోబెట్టేవాళ్లం. కాబట్టి కారులో నిద్ర అనే మాటకే నేను వ్యతిరేకిని కాను.

కళింగపట్నం రోడ్డు చివర సంగతి వేరు. తాబేళ్లు వచ్చే నెలల్లో అక్కడ కూడా వద్దనే అంటాను. దీపాలు ఆర్పేశామన్నా, తలుపు తీసిన ప్రతిసారీ, తాళం వేసిన ప్రతిసారీ ఈ కార్లు వాటంతట అవే వెలుగుతాయి. మిగతా నెలల్లో ఆగదలచినవారు ముందుగా మత్స్యకారుల పేట పెద్దలను అడగాలి, మరునాడు వల ఏ వైపు లాగుతారో తెలుసుకోవాలి, వాళ్లు చూపించిన చోటే ఆపాలి. ఈ షరతు లేకుండా తీరాన్ని అర్జీలో చేరిస్తే నా పేరు తీసేయండి.

సువర్ణముఖి:

షరతు న్యాయంగానే ఉంది. గంటస్తంభం గారూ, చివరగా ఒక్క మాట చెప్పండి. ఎంత చార్జి ఉన్నప్పుడు రాత్రికి ఆగవచ్చు?

గంటస్తంభం:

శాతం చూసి కాదమ్మా, దూరం చూసి లెక్క వేసుకోవాలి. ఉదయం వెళ్లవలసిన చార్జరు ఎంత దూరమో చూసి, దానికి రెట్టింపు దూరానికి సరిపడేంత పక్కన పెట్టండి, ఎందుకంటే వెళ్లేసరికి అది పనిచేయకపోవచ్చు. దాని మీద రాత్రికి పది యూనిట్లు కలపండి. అంత లేకపోతే ముందు చార్జి చేసుకొని, తరువాత పడుకోండి. కారు ఆపేసి లోపలి దీపం, పాటలు మాత్రం వేసి ఉంచవద్దు. చాలా కార్లలో అవి 12 వోల్టుల చిన్న బ్యాటరీ మీద నడుస్తాయి. అది దిగిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా తెల్లవారి కారు కదలదు.