నారు ట్రేలకి పీట్ మానేశా, మొలకలు వాలిపోయాయి

విజయవాడ మిద్దెతోట:
ఇన్నాళ్లూ వంగ, టమాటా నారుకి పీట్‌మాస్ (చిత్తడి నేలల్లోంచి తవ్వి తీసే, కుళ్లిన నాచు) కొనేదాన్ని. చిత్తడి నేలల్లో అది ఏడాదికి సుమారు ఒక్క మిల్లీమీటరే పేరుకుంటుందని చదివాక ఇక కొనబుద్ధి కాలేదు. ఈసారి ట్రేలన్నీ వంటింటి చెత్తతో చేసిన కంపోస్ట్‌తోనే నింపాను. మూడు నెలలది, నల్లగా ఉంది, చెయ్యి పెడితే కాస్త వెచ్చగా తగిలింది. 40 మొలకల్లో 6 మిగిలాయి. మిగతావి కాండం మొదలు దగ్గర దారంలా సన్నబడి వాలిపోయాయి. "మట్టి లేకుండా నారేంటమ్మా" అని మా అత్తయ్య ఒకటే నవ్వు. తప్పెక్కడ?

కడియం నర్సరీ పని:
అది నారుకుళ్లు అండీ. తడి ఎక్కువైంది. పైగా వెచ్చగా ఉందంటే కంపోస్ట్ ఇంకా మాగలేదు. నెలరోజులు గోనెసంచి కప్పి వదిలేయండి. జల్లెడ పట్టి ఒక వంతుకి రెండు వంతుల కొబ్బరిపొట్టు కలపండి. పొట్టులో ఉప్పుంటుంది, రెండుమూడు నీళ్లు మార్చి నానబెట్టి పిండాలి. నారుకి బలం కన్నా గాలాడటం ముఖ్యం.

పాత టీచర్:
తడి కంపోస్ట్ గుప్పెడు సీసాలో వేసి, మూడు రోజులు గట్టిగా మూత పెట్టండి. తీయగానే మురుగు కంపు కొడితే మాగనట్టే.

విజయవాడ మిద్దెతోట:
సీసా తెరిచాను. మా ఆయన బాల్కనీలోంచి లోపలికొచ్చి తలుపేసుకున్నారు! గోనెసంచి కప్పేశా. ఈలోపు కొబ్బరిపొట్టు నానబెడతా. మొదటి నీళ్లు టీ డికాషన్‌లా వచ్చాయి, మామూలేనా?

కడియం నర్సరీ పని:
మామూలే. రంగు తగ్గే దాకా నీళ్లు మార్చండి.