ఒకే వ్యక్తిలో కలిసే సామాజిక గుర్తింపులు, కుంగుబాటులో అసమానతలు: విశ్లేషణకు సలహా కావాలి

లింగం, ఆదాయం, వైకల్యం, వలస నేపథ్యం ఒకే వ్యక్తిలో కలిసినప్పుడు కుంగుబాటు ముప్పు ఎలా మారుతుందో సర్వే సమాచారంతో పరిశీలిస్తున్నాను. గణాంక పద్ధతులు తెలిసినవారి సహాయం కోరుతున్నాను.

గుర్తింపులను విడివిడిగా చూస్తే అసలు నష్టం కనిపించదని 1989లో అమెరికా న్యాయశాస్త్ర పండితురాలు కింబర్లీ క్రెన్షా చేసిన వాదన నాకు పూర్తిగా సమ్మతమే. అమెరికా కార్ల సంస్థ జనరల్ మోటార్స్‌పై నల్లజాతి మహిళలు వేసిన దావాలో 1976లో తీర్పు చెప్పిన కోర్టు, ఆ సంస్థ మహిళలను నియమించింది కాబట్టి లింగ వివక్ష లేదని, జాతి వివక్ష ఫిర్యాదును మరో దావాతో కలుపుకోవచ్చని చెప్పడంతో, ఆ రెండూ కలిసినచోట జరిగిన అన్యాయం లెక్కలోకే రాలేదు.

అయితే నా గణనలో చిక్కు వచ్చింది. గుర్తింపుల ప్రతి కలయికనూ ఒక సమూహంగా తీసుకుని బహుళస్థాయి లాజిస్టిక్ నమూనా (వ్యక్తులను సమూహాలలో ఉంచి, కుంగుబాటు ఉండే అవకాశాన్ని అంచనా వేసే గణాంక పద్ధతి) వేస్తే సమూహాల మధ్య తేడా స్పష్టంగానే ఉంది. కానీ ఒక్కో గుర్తింపు విడి ప్రభావాన్ని చేర్చగానే ఆ తేడా దాదాపు మాయమవుతోంది. దీన్నిబట్టి కలయికకు ప్రత్యేక ప్రభావం లేదనవచ్చా, లేక ఈ గణాంక నమూనాయే చిన్న సమూహాల అంచనాలను మొత్తం సగటు వైపు లాగడం వల్ల అది మరుగున పడిందా? లాగ్ ఆడ్స్‌కు (జరిగే, జరగని అవకాశాల నిష్పత్తికి సంవర్గమానం) బదులు సంభావ్యతలలో పోల్చడం న్యాయమా?

ఇంకొక సందేహం నన్ను ఎక్కువగా బాధిస్తోంది. కుంగుబాటు లక్షణాలను కొలిచే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9లో 10, ఆపైన స్కోరు వచ్చినవారిని కుంగుబాటు ఉన్నవారిగా లెక్కిస్తున్నాను. దిగులును నిద్రలేమిగా, అలసటగా మాత్రమే చెప్పుకునేవారు ఆ గీతకు కిందే మిగిలిపోవచ్చు. ప్రశ్నావళి అన్ని సమూహాలలో ఒకేలా కొలుస్తోందో లేదో, కొన్ని సమూహాలు మరీ చిన్నవైనప్పుడు ఎలా పరీక్షించాలి?