పారిపోవుదురా, పూడిపోవునా?

ప్రశ్న: బైబిల్లో ప్రవక్త జెకర్యా గ్రంథం 14:5లో యూదా రాజు ఉజ్జియా కాలపు భూకంపాన్ని తలచుకొంటూ మన పాత అనువాదం "మీరు పారిపోవుదురు" అంటుంది. లోయ పూడిపోతుందని కూడా ఎక్కడో చదివిన గుర్తు. ఏది మూలానికి దగ్గర?

జవాబు: రెండూ ఉన్నాయండి. హీబ్రూలో రాసిన హల్లులు అవే, తేడా వాటికి చేర్చి చదివే అచ్చులదే: 'నస్తెమ్' అంటే పారిపోతారు, 'నిస్తమ్' అంటే పూడుకుపోతుంది. ప్రాచీన గ్రీకు అనువాదం రెండవదాన్ని పట్టుకొంది. నేనూ అటువైపే, ఎందుకంటే ఆ భూకంపంలో కొండ సగం విరిగి దొర్లి దారులనూ రాజుగారి తోటలనూ కప్పేసిందని మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు.

మరొకరు: జోసీఫస్ ఆ సంఘటనకు ఎనిమిది వందల ఏళ్లకు పైగా తరువాతివాడు కాబట్టి అతణ్ణి సాక్షిగా నిలబెట్టలేము. అంతకన్నా దగ్గరి సాక్ష్యం మృతసముద్రపు అడుగున ఉంది. అక్కడ వేసవిలో తెల్లని అరగొనైట్ అనే సున్నపు ఖనిజం, వానకాలపు వరదలతో ముదురు ఒండ్రు సన్నని పొరలుగా పేరుకొంటాయి. నేల అదిరినప్పుడు రేణువుల మధ్య నీటి ఒత్తిడి పెరిగి, పై పొరలు పట్టుతప్పి, ముక్కలై, కలగలిసి మళ్లీ అడుగుకు చేరతాయి. ఆ తరువాతి ఏళ్ల పొరలు వాటిపైన చదునుగా పరుచుకొంటాయి. ఆ సముద్రపు ఒడ్డునున్న ఎన్‌గెది దగ్గర తవ్వితీసిన మట్టి స్తంభంలో క్రీ.పూ. 8వ శతాబ్దం నడుమకు, అంటే ఉజ్జియా కాలానికి, సరిపోయే అలాంటి చెదిరిన పొర ఒకటి కనబడింది.

ఇంకొకరు: లోతులేని నీటిలో తుపాను అలలు కూడా అడుగు పొరలను కలచగలవు. అందుకే ఒక్కచోటి పొరను నమ్మక, ఎన్‌గెది, జెయెలీమ్, ఎన్‌ఫెష్ఖా వంటి ఆ తీరపు చోట్ల ఒకే కాలపు పొరలు చెదిరాయా అని పోల్చి చూస్తారు. ఇక్కడ ప్రవక్త ఆమోసును వదలడం నాకు సాధ్యం కాదు. భూకంపానికి రెండేళ్ల ముందు దర్శనం చూసిన ఆ తెకోవ ఊరి పసులకాపరి, భూమి నైలునదిలా పొంగి అణగిపోతుందన్నాడు (8:8). మృతసముద్రానికి పూర్వరూపమైన లిసాన్ సరస్సు మట్టిలో, ఒకదానిపై ఒకటి వేర్వేరు వేగాలతో జారిన పొరలు నిజంగానే అలల్లా చుట్టుకొని గట్టిపడ్డాయి. ప్రవక్తలలో ఇంతటి కవి మరొకరు లేరు.

జవాబు: జెకర్యా కవిత్వం తక్కువదేమీ కాదు. పైగా ఆ ఒక్క వాక్యంలోనే ఆ 'నస్తెమ్' లేదా 'నిస్తమ్' క్రియ మూడుసార్లు వస్తుంది, గ్రీకు పాఠం మూడుచోట్లా పూడటమనే అంటుంది.

మరొకరు: అనువాదకుడు మొదట ఒక అచ్చును ఎంచుకొంటే మిగిలిన రెండుచోట్లా అదే పాటిస్తాడు కదా, దాన్ని మూడు సాక్ష్యాలుగా ఎలా లెక్కపెడతాం? చెదిరిన పొర కూడా నేల అదిరిందని మాత్రమే చెబుతుంది. కొండచరియ ఆనవాలు కావాలంటే యెరూషలేము తూర్పు లోయలో వెతకాలి.