బీఐ లైసెన్సులు అమ్మేవారికి ఇక చోటుందా?

కర్నూలు రీసెల్లర్:
ఇరవై ఏళ్లకు పైగా బిజినెస్ ఇంటెలిజెన్స్ (బీఐ), అంటే వ్యాపార లెక్కలను చార్టులుగా, నివేదికలుగా చూపే సాఫ్ట్‌వేర్ అమ్ముతున్నాను. 2007లో ఆ సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీల్లో హైపీరియన్‌ను ఒరాకిల్, బిజినెస్ ఆబ్జెక్ట్స్‌ను శాప్, కాగ్నోస్‌ను ఐబీఎం కొంటున్నట్టు ప్రకటించినప్పుడే మా పని అయిపోయిందన్నారు, కాలేదు. అయితే 2015లో మైక్రోసాఫ్ట్ వారి పవర్ బీఐ వచ్చాక, దాని డెస్క్‌టాప్ వెర్షన్ ఉచితంగా దొరుకుతూ, మిగిలినదానికి తలకు నెలకు ఇంత చొప్పున కంపెనీకే నేరుగా కట్టే వీలుండగా, మధ్యలో మీరెందుకని అడిగితే నా దగ్గర గట్టి జవాబు లేదు. 2025 ఏప్రిల్‌లో దాని ప్రో లైసెన్సు తలకు నెలకు 10 డాలర్ల నుంచి 14 డాలర్లకు పెరిగినప్పుడు మాత్రం అందరూ నన్నే నిలదీశారు.

ఆదోని, జిన్నింగ్ మిల్లు గుమాస్తా:
అయ్యా, మీరు అమ్మేది లైసెన్సే అనుకుంటే చోటు లేదనే నేనూ అంటాను. మాకు ఒక డీలరు, లెక్కలన్నీ ఒకే తెరపై చూపే డాష్‌బోర్డు పెట్టి వెళ్లాడు. మేము పత్తిని క్వింటాళ్లలో కొని, దూదిని క్యాండీల్లో అమ్ముతాము. క్యాండీ అంటే సుమారు 356 కిలోలు. వెయ్యి క్వింటాళ్ల పత్తి ఆడితే దాదాపు 340 క్వింటాళ్ల దూది, అంటే 95 క్యాండీలు వస్తాయి. అదంతా అమ్ముడయ్యాక ఆ డాష్‌బోర్డు వెయ్యిలోంచి 95 తీసేసి, గోదాములో ఇంకా 905 ఉన్నాయని పచ్చరంగులో చూపింది. మా యజమాని తాళం తీయించి, ఊడ్చిన నేలను చూసి, మారుమాట లేకుండా వెళ్లిపోయారు. ఈ ముడి విప్పేవారికి డబ్బు ఇస్తాము, పెట్టె అమ్మేవారికి కాదు.

అనంతపురం, ఇంజినీరింగ్ విద్యార్థి:
ఆ ముడి కూడా ఎక్కువ కాలం ఉండదండి. ఇప్పుడు మైక్రోసాఫ్ట్ ఏఐ సహాయకుడు కోపైలట్‌ను మామూలు మాటల్లో అడిగితే చార్టు గీసి ఇస్తోంది.

ఆదోని, జిన్నింగ్ మిల్లు గుమాస్తా:
గీస్తుంది బాబూ, కాదనను. క్యాండీకి ఎన్ని కిలోలో, ఒకే కమీషన్ ఏజెంటు పేరు మా టాలీ ఖాతాల్లో మూడు రకాల స్పెల్లింగులతో ఎందుకుందో ముందుగా దానికి ఎవరో ఒకరు చెప్పి ఉంచాలి కదా.

కర్నూలు రీసెల్లర్:
ఆ పనికి నేను సిద్ధమే. కానీ నెలవారీ రుసుము అడిగితే, పత్తి రాని నెలలకు ఎందుకు కట్టాలని మీ మిల్లుల వారే అంటున్నారు.

ఆదోని, జిన్నింగ్ మిల్లు గుమాస్తా:
అయితే సీజన్‌కు ఇంతని రాసుకోండి. మా మిషన్లు బాగుచేసే ఫిట్టరుకు అలాగే ఇస్తున్నాము.