గదిలో కుర్చీ ఉంది, కుర్చీ గదిలో ఉంది

కథల్లో ఇంటి సామాన్ల వర్ణన ఎంతవరకు అవసరం అన్న చర్చ చదివాక, పైన పెట్టిన రెండు వాక్యాల గురించి రాయాలనిపించింది. రెండింట్లోనూ అవే మూడు మాటలు. "గదిలో కుర్చీ ఉంది" అంటే పాఠకుడికి ఆ కుర్చీ కొత్త. "కుర్చీ గదిలో ఉంది" అంటే కుర్చీ సంగతి ముందే తెలుసు, అదెక్కడుందో ఇప్పుడు తెలిసింది. వరస మారిస్తే చాలు, పరిచయం మారిపోతుంది. ఇక "గదిలో ఒక కుర్చీ ఉంది" అన్నామంటే, దాంతో ఏదో పని పడబోతోందని చదివేవాళ్లు ఎదురుచూస్తారు. పనేమీ లేకపోతే ఆ "ఒక" తీసెయ్యడమే మంచిది.

పని లేని వస్తువులు కథలో ఉండకూడదని కాదు. ఫ్రెంచ్ రచయిత ఫ్లోబేర్ 1877 నాటి ఒక కథలో పియానో పైన బారోమీటర్ కనిపిస్తుంది. కథ నడకకు దానితో అవసరం లేదు. ఇదంతా నిజమని నమ్మించడానికే అలాంటి వివరాలు ఉంటాయని ఫ్రెంచ్ విమర్శకుడు రొలా బార్త్ 1968లో రాశాడు. ఒప్పుకుంటాను, కానీ ఒకటో రెండో చాలు. నవలల్లో సామాను మరీ ఎక్కువైపోయిందని అమెరికన్ నవలా రచయిత్రి విల్లా కేథర్ 1922లోనే గట్టిగా రాసింది. టాల్‌స్టాయ్ కూడా వస్తువుల్ని బోలెడన్ని వర్ణిస్తాడు కదా అంటే, అవి అతని మనుషుల భావాల్లో కలిసిపోయి ఉంటాయి అంటుంది. నాకు తేడా అంతా అక్కడే కనిపిస్తుంది.

కాఫ్కా 'మెటమార్ఫసిస్' (1915) చూడండి. పురుగుగా మారిన గ్రెగర్ పాకడానికి చోటుంటుందని చెల్లెలు గదిలో సామాను తీయించబోతుంది. తల్లికి మనసొప్పదు. సామాను తీసేస్తే, వాడు బాగవుతాడన్న ఆశ వదిలేసుకున్నట్టే కదా అని ఆవిడ బాధ. బీరువా బయటికి పోతుంది. చదువుకునే రోజుల్లో హోంవర్క్ రాసుకున్న బల్ల కూడా కదులుతుంది. అప్పుడు గ్రెగర్ గోడమీది పటానికి అతుక్కుపోతాడు, దాన్నైనా పోనివ్వకూడదని. ఆ బల్ల రంగు, చెక్క రకం మనకి గుర్తుండవు. దాని మీద ఎవరు రాసుకున్నారో గుర్తుంటుంది. నేను చదివినంతలో సామాను ఇంత దుఃఖాన్ని మోసిన ఘట్టం ఇంకోటి లేదు.

ఆ "రాసుకున్న" లాంటి క్రియారూపాలు తెలుగులో చాలా పని చేస్తాయి. "నాన్న కూర్చున్న కుర్చీ" అంటే ఆయన ఎప్పుడో కూర్చున్నాడు, అయిపోయింది. "నాన్న కూర్చునే కుర్చీ" అంటే అలవాటు. వ్యాకరణంలో దీన్నే తద్ధర్మం అంటారు, దానికి కాలం పట్టింపు లేదు. అందుకే ఆయన పోయిన తర్వాత కూడా ఇంట్లోవాళ్లు "నాన్న కూర్చునే కుర్చీ" అనే అంటారు. వర్ణన ఒక పేజీ రాసినా రానిది "కూర్చునే" అన్న మాటతో వస్తుంది.

అలాగే "విరిగిన కుర్చీ"కీ "విరగ్గొట్టిన కుర్చీ"కీ చాలా దూరం. రెండోదాంట్లో ఇంకో మనిషి ఉన్నాడు, ఎవరో చెప్పకపోయినా. వస్తువు వెనక మనిషిని ఇలా చూపించే రూపాలు ఇంకేవైనా మీ దృష్టికి వస్తే రాయండి.