పలుచని అల్యూమినియం పొరలో సూదిబెజ్జాలు: సలహా కావాలి

హైదరాబాద్‌లోని ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో, ఎక్స్‌రే టెలిస్కోపు డిటెక్టర్‌పై దృశ్యకాంతి పడకుండా ఆపి, మృదు (తక్కువ శక్తి గల) ఎక్స్‌రేలను మాత్రం పోనిచ్చే పొరను తయారు చేయడానికి ప్రయత్నిస్తున్నాను. 1999లో ప్రయోగించిన నాసా చంద్రా ఎక్స్‌రే టెలిస్కోపు ఏసిస్ కెమెరాలో మాదిరిగానే, సుమారు 200 నానోమీటర్ల మందం గల పాలీఇమైడ్ అనే ప్లాస్టిక్ పొరకు రెండు వైపులా అల్యూమినియం పూత ఉండాలన్నది నా ఉద్దేశం. అయితే ఒకవైపు పూత వేసిన పొరను గాజు పలక నుంచి నీటిపై తేల్చి చట్రంలోకి ఎత్తుతుంటే అంచుల్లో ముడతలు పడుతున్నాయి. చీకటి గదిలో వెనుక దీపం పెట్టి చూస్తే సూదిబెజ్జాలు చుక్కల్లా మెరుస్తున్నాయి. పూత మందం పెంచవచ్చు గానీ, అప్పుడు తక్కువ శక్తి గల ఎక్స్‌రేలు అందులోనే ఎక్కువగా ఆగిపోతాయి కనుక ఆ దారి నాకు సమ్మతం కాదు. ఈ బెజ్జాలకు గాజుపై ధూళి కారణమా, పూత వేసే వేగం కారణమా అన్నది ఎలా తేల్చుకోవాలి? ముడతలు లేకుండా పొరను ఎత్తిన అనుభవం ఉన్నవారు దయచేసి ఆ పద్ధతిని వివరించగలరా?